గది గుమ్మం దాకా వచ్చిన రోబో

హోటళ్లలో రోబోల గురించి వాదించుకునే ఇరుపక్షాలూ సాక్ష్యానికి పిలిచేది ఒకే హోటల్ని. జపాన్‌లో నాగసాకి ప్రాంతంలోని ససెబోలో, డచ్చి పట్టణాన్ని తలపించేలా కట్టిన హుయిస్ టెన్ బాష్ అనే వినోదవనం ఉంది. అక్కడ 2015 జులైలో హెన్ నా హోటల్ తెరుచుకుంది. కౌంటర్ వెనక ఒక డైనోసార్, దాని పక్కనే యువతి రూపంలో ఉన్న ఒక యంత్రం నిలబడి వచ్చినవాళ్లకు స్వాగతం పలికాయి. రోబోలే సిబ్బందిగా ఉన్న తొలి హోటల్‌గా దానికి గిన్నిస్ గుర్తింపు దక్కింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 2019 జనవరిలో, అక్కడి 243 రోబోల్లో సగానికి పైగా తీసేశారన్న వార్త వచ్చింది. మొదటి వార్తను పట్టుకున్నవాళ్లు అతిథులు రోబోలకు సిద్ధంగా ఉన్నారన్నారు. రెండో వార్తను పట్టుకున్నవాళ్లు అతిథులు వాటిని తిప్పికొట్టారన్నారు. ఆ తర్వాత పరిశోధనా పత్రాలు, కంపెనీల ప్రకటనలు, కార్మిక సంఘాల అభ్యంతరాలు వచ్చి చేరి, చర్చ చిక్కుపడింది.

తెలుగులో హోటలంటే ముందు గుర్తొచ్చేవి ఇడ్లీ, దోసెలు. ఇక్కడి చర్చ బస చేసే హోటళ్ల గురించి. ఈ తేడా చెప్పుకోవడానికి కారణముంది. తినే చోట రోబోతో పని అరగంటలో అయిపోతుంది. బస చేసే చోట అది మనం పడుకునే గది గుమ్మం దాకా వస్తుంది. ఊరు కాని ఊళ్లో, అలసిపోయి, సామానుతో దిగిన మనిషి ఎదురుపడేది దానికే.

ఆ మనిషికి కావలసినవి రెండు. తువ్వాలు, మంచినీళ్లు, గది తాళం వంటివి సదుపాయాలు. తనొకడు వచ్చాడని ఎవరో గుర్తించడం మర్యాద. పెళ్లిలో మగపెళ్లివారు అలిగేది వడ్డన తక్కువైందని కాదు, పలకరించేవాళ్లు లేరని. ఈ రెంటినీ ఒకే మూటగా కట్టి "అతిథులకు రోబోలంటే ఇష్టమేనా?" అని అడగడం వల్లే ఇన్నేళ్లుగా జవాబు తేలలేదన్నది ఈ సమీక్ష తీసుకున్న వైఖరి. అందరూ ఒప్పుకునే వైఖరి కాదిది. అందుకే ముందు ఎవరేమన్నారో చూద్దాం.

రెండు దారుల్లో వచ్చిన యంత్రాలు

మొదటి దారి కేవలం పని చేసే యంత్రాలది. 2011లో న్యూయార్క్‌లో తెరిచిన యోటెల్‌లో, అద్దాల వెనక ఒక పెద్ద యంత్రపు చెయ్యి సూట్‌కేసులు అందుకుని అరల్లో సర్దేది. ఫ్యాక్టరీల్లో పనిచేసే చేతుల జాతే అది. యోబాట్ అని పేరైతే పెట్టారు గాని దానికి ముఖం లేదు, మాట లేదు. 2014 ఆగస్టులో కాలిఫోర్నియాలోని కూపర్టినోలో ఉన్న అలాఫ్ట్ హోటల్లో సావియోక్ అనే సంస్థ చేసిన బాట్లర్ పనిలోకి దిగింది. నడుమెత్తు డబ్బా అది. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు టూత్‌బ్రష్షో చిప్స్ పొట్లమో దాని అరలో పెట్టి గది నంబరు నొక్కితే చాలు. వైర్‌లెస్‌తో లిఫ్టును తనే పిలుచుకుని పైకెక్కి, గదిలో ఫోను మోగించి, అతిథి తలుపు తీయగానే మూత తెరిచేది. తెర మీద ఐదు నక్షత్రాలు నొక్కితే కాసేపు గిరగిరా తిరిగి చిందులేసేది. టిప్పుకు బదులు ట్వీటు అడిగేది.

రెండో దారి మనిషిని అనుకరించేది. 2016 మార్చిలో అమెరికాలోని వర్జీనియాలో, మెక్లీన్ అనే చోట హిల్టన్ సంస్థ కోనీ అనే చిన్న బొమ్మ రోబోను కౌంటర్ మీద నిలబెట్టింది. సంస్థ స్థాపకుడు కాన్రాడ్ హిల్టన్ పేరులోంచి తీసిన పేరది. ఐబీఎం వాట్సన్ అనే కృత్రిమ మేధ సాయంతో అది ఊళ్లో చూడదగ్గ చోట్ల గురించి, దగ్గర్లోని రెస్టారెంట్ల గురించి చెప్పేది. బెల్జియంలోని గెంట్ నగరంలో మారియట్ హోటల్ మారియో అనే బొమ్మను పెట్టింది. సాఫ్ట్‌బ్యాంక్ 2014లో లోకానికి పరిచయం చేసిన పెప్పర్ అనే రోబో ఎన్నో లాబీల్లో చేతులూపుతూ నిలబడింది. చివరికి 2020లో దాని తయారీయే ఆగిపోయింది.

2018 చివర్లో చైనాలోని హాంగ్‌జౌలో అలీబాబా తెరిచిన ఫ్లైజూ హోటల్ రెండు దారులనూ కలపబోయింది. అతిథి ముఖమే అక్కడ తాళంచెవిగా పనిచేసేది. భోజనం తెచ్చేవి రోబోలు. ఆ తర్వాత చైనాలో గెలిచింది మాత్రం మొదటి దారే. యున్‌జీ వంటి సంస్థలు చేసిన డబ్బా రోబోలు ఖరీదైన హోటళ్లను దాటి మామూలు హోటళ్లకూ పాకాయి. బయటి నుంచి భోజనం తెచ్చిన డెలివరీ కుర్రాడు పొట్లం లాబీలో ఇచ్చి వెళ్లిపోతాడు. అక్కణ్ణుంచి గది దాకా రోబో తీసుకెళ్తుంది. ఇందులో ప్రదర్శన లేదు, ఫొటోలు తీసుకునేవాళ్లూ తక్కువే.

మన దగ్గర ఈ యంత్రాలు ఎక్కువగా వేదికల మీదే కనిపించాయి. 2017 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సును ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్ ప్రారంభించినప్పుడు బెంగళూరులో తయారైన మిత్ర రోబో వేదిక మీదికి వచ్చింది. ఆ రెండు మూడేళ్లలోనే చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో రోబోలు పళ్లేలు మోసే రెస్టారెంట్లు వెలిశాయి. బస చేసే హోటళ్లలో ఆ జోరు రాలేదు. జీతాల లెక్క చూస్తే కారణం ఊహించడం కష్టం కాదు.

ససెబోలో నిజంగా జరిగింది

జపాన్ భాషలో 'హెన్' అంటే వింత అనీ అర్థముంది, మార్పు అనీ అర్థముంది. రెండూ కలిసొచ్చేలా పెట్టుకున్న పేరది. అప్పట్లో ఆ హోటల్ని నడిపింది హెచ్‌ఐఎస్ అనే పర్యాటక సంస్థ. మొదట్లో 80 దాకా ఉన్న రోబోలు కాలక్రమంలో 243 అయ్యాయి. తీసేసినప్పుడు వేటిని తీసేశారన్నది వాదనల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి. జవాబు దాదాపు అక్కడే ఉంది.

ముందు పోయినవాటిలో గదిలో ఉండే చూరీ అనే బొమ్మ ఒకటి. లైట్లు వేయమంటే వేసేది, వాతావరణం చెప్పేది. పక్కనున్న వినోదవనం ఎన్నింటికి తెరుస్తారని అడిగితే మాత్రం తెలియక తడబడేది. అప్పటికి అతిథుల చేతుల్లోని ఫోన్లు ఆపాటి ప్రశ్నలకు ఇట్టే జవాబిస్తున్నాయి. ఇంకా ఘోరం, గురక వినిపిస్తే తననేదో అడుగుతున్నారనుకుని, అర్థం కాలేదు మళ్లీ చెప్పండంటూ ఒక అతిథిని రాత్రంతా లేపింది. సామాన్లు మోసే రోబోలు వందకు పైగా ఉన్న గదుల్లో రెండు డజన్ల గదులకే వెళ్లగలిగేవి. వానకూ మంచుకూ మొరాయించేవి. రిసెప్షన్‌లోని యంత్రాలకు విదేశీయుల పాస్‌పోర్టు కాపీ తీయడం వచ్చేది కాదు. ఆ పనికి మనిషి లోపలి నుంచి రావాల్సి వచ్చేది. రోబోల బాగోగులు చూసుకునే పని సిబ్బంది నెత్తిన అదనంగా పడింది. రోబోలను వాడి చూశాకే, అవి అక్కర్లేని చోట్లూ విసుగు పుట్టించే చోట్లూ ఉన్నాయని తెలిసిందని సంస్థ అప్పటి అధినేత హిదెయో సవాదా స్వయంగా ఒప్పుకున్నారు.

పోయినవి చాలావరకు మాట్లాడతామని ఆశపెట్టి మాట్లాడలేకపోయినవి, మోస్తామని చెప్పి మోయలేకపోయినవి. అయినా ఆ సంస్థ హోటళ్లు మూతపడలేదు. టోక్యోలో పెరిగాయి, 2021లో న్యూయార్క్‌కూ వెళ్లాయి. వినోదానికి పెట్టిన డైనోసార్లు కొన్నిచోట్ల కొనసాగాయి. అంటే అతిథులు రోబోలను మొత్తంగా ఆదరించిందీ లేదు, మొత్తంగా వెళ్లగొట్టిందీ లేదు. నవ్వించేదాన్ని ఉంచారు. పనికొస్తుందనుకుని నమ్మితే మోసగించినదాన్ని పంపించేశారు.

అంగీకారాన్ని కొలిచినవాళ్లు

పరిశోధకుల్లో పెద్ద గుంపు ఈ పక్షానిది. దీని మూలం 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రతిపాదించిన నమూనా. కొత్త సాంకేతికత తనకు ఉపయోగపడుతుందని, వాడటం తేలికని మనిషి అనుకుంటే దాన్ని స్వీకరిస్తాడన్నది దాని సారం. ఆఫీసు కంప్యూటర్లకు పుట్టిన ఆలోచనను హోటల్ రోబోలకు తొడిగారు. అది బిగుతైంది. ఆఫీసు ఉద్యోగి కంప్యూటర్‌ని తను నడుపుతాడు. అతిథి రోబోని నడపడు, అదే వచ్చి అతని ముందు నిలబడుతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నాల్లో రెండు ముఖ్యమైనవి. యోహెన్ విర్ట్స్, ఆయన సహచరులు 2018లో, రోబో పనితనంతో పాటు దాని సామాజిక ప్రవర్తన, అతిథితో దానికి కుదిరే అనుబంధం, నమ్మకం కూడా లెక్కలోకి రావాలన్నారు. 2019లో డోగన్ గుర్సోయ్ బృందం మనిషి నిర్ణయాన్ని మూడు అంచెలుగా విడదీసింది. ముందు తన చుట్టూ ఉన్నవాళ్లు ఏమంటున్నారో, అది సరదాగా ఉందో లేదో, ఎంత మనిషిలా ఉందో చూస్తాడు. తర్వాత లాభం, శ్రమ తూచుకుంటాడు. దాన్నుంచి పుట్టిన భావాన్ని బట్టి సరేనంటాడు లేదా వద్దంటాడు. ఇందులో విలువైన అంశం చివరిది. సరేననకపోవడం, వద్దనడం ఒకటి కావని ఈ నమూనా గుర్తించింది. రోబో తెచ్చిన తువ్వాలు తీసుకున్న అతిథి రోబోకి ఓటేసినట్టు కాదు. వేరే దారి లేక తీసుకుని ఉండొచ్చు.

ఈ పక్షం బలం లెక్కలు. బలహీనతా అక్కడే ఉంది. ఈ అధ్యయనాల్లో చాలావాటికి జవాబిచ్చినవాళ్లు రోబో ఉన్న హోటల్లో బస చేసినవాళ్లు కారు. ఒక ఫొటో, ఒక వీడియో, నాలుగు వాక్యాల సన్నివేశం చూపించి, మీరైతే ఏం చేస్తారని ఇంటర్నెట్లో అడిగారు. ఊహకూ అర్ధరాత్రి హోటల్ వరండాకూ ఉన్న దూరాన్ని ఏ గణిత సూత్రమూ పూడ్చలేదు. బస చేసిన అతిథుల రివ్యూలు చదివిన విన్సెంట్ టంగ్, నార్మన్ ఆవ్ వంటి పరిశోధకుల పని ఈ కోణంలో ఎక్కువ నమ్మదగింది. అయితే రివ్యూ రాసేవాళ్లు కూడా ఎంతో మురిసిపోయినవాళ్లో, ఎంతో మండిపడ్డవాళ్లో అయి ఉంటారు. ఏమీ అనుకోని అతిథి రాయడు.

ముఖం ఉండాలా?

చర్చలో అన్నిటికన్నా ఆసక్తికరమైన తగువు ఇది. 1970లో జపాన్ ఇంజనీరు మసాహిరో మోరి ఒక చిన్న వ్యాసంలో, యంత్రం మనిషి పోలికకు దగ్గరయ్యేకొద్దీ మనకు అది నచ్చుతూ పోతుందనీ, పూర్తి పోలికకు కాస్త ముందు మాత్రం ఒక్కసారిగా ఒళ్లు జలదరించే లోయలో పడుతుందనీ రాశారు. పట్టుకున్న చెయ్యి కృత్రిమమని తెలిసిన క్షణంలో కలిగే జంకు ఆయన ఇచ్చిన ఉదాహరణ. హెన్ నా కౌంటర్‌లో యువతి పక్కన డైనోసార్ ఉండటం ఈ కోణంలోంచి చూస్తే తెలివైన ఎంపికే. డైనోసార్ అచ్చం మనలా లేదే అని ఎవరూ ఇబ్బంది పడరు.

దీనికి ఎదురుగా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లిఫర్డ్ నాస్, బైరన్ రీవ్స్ 1990లలో చేసిన పరిశోధన ఉంది. కంప్యూటర్ అని తెలిసీ మనుషులు దానితో మర్యాదగానే ప్రవర్తిస్తారని వాళ్ల ప్రయోగాలు చూపాయి. ఈ వాదం ప్రకారం కళ్లు, గొంతు, పేరు ఇస్తే అతిథి రోబోని సులువుగా దగ్గరకు తీస్తాడు. జెనీ వాన్ డోర్న్ బృందం 2017లో దీన్ని సేవారంగానికి తెచ్చి, ఎదుట ఎవరో ఉన్నారన్న భావన యంత్రం కలిగించగలదా అనేదే కీలకమని చెప్పింది.

2019లో మార్టిన్ మెండే బృందం ప్రయోగాలు ఈ ఆశకు అడ్డుపడ్డాయి. మనిషి రూపంలోని రోబో సేవ చేసినప్పుడు కస్టమర్లకు ఒక రకమైన అసౌకర్యం, మనిషిగా తమ స్థానానికి ముప్పు అన్న భావన కలిగాయి. దాన్ని పూడ్చుకోవడానికి వాళ్లు హోదా చాటే వస్తువుల వైపు మొగ్గారు, నలుగురి తోడు కోరుకున్నారు, తిండి ఎక్కువ తెప్పించుకుని తిన్నారు. రోబోని యంత్రంలాగే చూపించినప్పుడు ఆ ప్రభావం తగ్గింది. ఈ ఫలితాన్ని కొందరు వ్యాపారులు ఇంకో రకంగా చదవగలరన్నది నాకు కలవరం కలిగించే సంగతి. అతిథి ఇబ్బంది పడితే బిల్లు పెరుగుతుందన్న మాట ఆతిథ్యానికి చోటివ్వదు.

పని ఏదో చెప్పమన్నవాళ్లు

మూడో పక్షం రూపం గొడవ పక్కనపెట్టి పనుల జాబితా చూస్తుంది. బల్గేరియాలోని వర్నా నగరం నుంచి స్టానిస్లావ్ ఇవనోవ్, అమెరికా నుంచి క్రెయిగ్ వెబ్‌స్టర్ కలిసి చేసిన సర్వేలు దీనికి ఆధారం. సమాచారం చెప్పడం, గదులు శుభ్రం చేయడం, సామాను మోయడం, డబ్బు చెల్లింపుల వంటి పనులకు రోబోలు సరేనన్నవాళ్లే మసాజ్, పిల్లల్ని చూసుకోవడం, జుట్టు కత్తిరించడం దగ్గరికి వచ్చేసరికి వద్దన్నారు. శరీరాన్ని తాకే పని, ఒకరి బాధ్యత భుజాన వేసుకునే పని మనిషికే వదిలారు. ఐరోపా సంఘం 2012లో జరిపిన సర్వేలోనూ ఇదే తీరు కనిపించింది. 70 శాతం మంది రోబోల పట్ల సానుకూలంగా ఉన్నా, పిల్లల, వృద్ధుల సంరక్షణలో వాటిని నిషేధించాలన్నవాళ్లు 60 శాతం. 2017 నాటికి మొదటి అంకె 61కి పడింది. రోబోలు కళ్లముందుకు వచ్చేకొద్దీ ప్రేమ పెరుగుతుందని చెప్పేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

ఈ పక్షంలోంచి వచ్చిన ఒక కొత్త ఫలితం మర్యాద గురించి నా అంచనానే సవరించింది. 2022లో వలెంటీనా పిటార్డి బృందం, విడిగా యానా హోల్ట్‌హోవర్, వాన్ డోర్న్ కలిసి, సిగ్గుపడాల్సి వచ్చే సందర్భాల్లో జనం మనిషికన్నా రోబోనే కోరుకుంటారని చూపించారు. రోబో తమ గురించి ఏమీ అనుకోదని వాళ్ల నమ్మకం. హోటల్లో ఇది చిన్న సంగతి కాదు. అర్ధరాత్రి శానిటరీ ప్యాడ్లు కావలసిన స్త్రీకి, పక్క తడిపిన పిల్లవాడి తల్లికి, విరేచనాలతో బాధపడుతూ ఎలక్ట్రాల్ పొడి అడగాల్సినవాడికి గుమ్మం ముందు మనిషి లేకపోవడమే మర్యాద. ఒంటరిగా బస చేసిన ఆడమనిషి రాత్రి పదకొండింటికి తెలియని మగవాడికి తలుపు తీయాల్సిన పని తప్పడం కూడా ఈ కోవలోదే.

పొరపాటు జరిగినప్పుడు

అంతా సవ్యంగా సాగినప్పుడు అతిథి వైఖరి పెద్దగా బయటపడదు. తప్పు జరిగితే తెలుస్తుంది. సుంగ్వూ చోయ్, అన్నా మాటిలా, లీసా బోల్టన్ 2021లో ప్రచురించిన ప్రయోగాల్లో, సేవ చేసే తీరులో లోపం వస్తే మనిషి పోలిక ఉన్న రోబో మీదే జనానికి ఎక్కువ అసంతృప్తి కలిగింది. ముఖం పెట్టుకుని ఆప్యాయత లేదేమిటన్నది వాళ్ల బాధ. అయితే మనిషి పోలిక ఉన్న రోబో క్షమాపణ చెప్పి కారణం వివరిస్తే కొంత చల్లబడ్డారు. డబ్బా రోబో చెప్పే క్షమాపణ పనిచేయలేదు. అక్కడ మనిషి వచ్చి సరిదిద్దితే మేలు జరిగింది. ముఖం పెట్టడమంటే ఆశ పెట్టడం. ఆ ఆశకు తగ్గ పనితనం లేకపోతే ముఖం లేకపోవడమే నయం. ససెబో అనుభవానికి ఈ ప్రయోగాలు సరిగ్గా అతుకుతాయి.

దేశమా, మహమ్మారా?

జపాన్ వాళ్లకు రోబోలంటే సహజంగానే ఇష్టమని, వస్తువుల్లోనూ ప్రాణాన్ని చూసే షింటో సంప్రదాయం, 1952 నుంచి పిల్లల్ని అలరించిన ఆస్ట్రో బాయ్ బొమ్మల కథ దానికి కారణమని తరచూ రాస్తుంటారు. క్రిస్టఫ్ బార్ట్‌నెక్, ఆయన సహచరులు 2000ల మధ్యలో పలు దేశాలను పోల్చి చూసినప్పుడు ఈ మాట నిలబడలేదు. జపాన్ వాళ్లు అనుకున్నంత సుముఖంగా లేరు. అమెరికన్లే ఎక్కువ సుముఖత చూపారు. జపాన్ హోటళ్లు రోబోల వైపు చూడటానికి సంస్కృతికన్నా వయసు మళ్లుతున్న జనాభా, దొరకని పనివాళ్లు ఎక్కువ కారణం. యజమాని అవసరాన్ని అతిథి ఇష్టంగా చూపించడం ఈ రంగంలో పాత అలవాటు.

కోవిడ్ కాలంలో వైఖరి మారింది. 2020 మేలో టోక్యోలోని ర్యోగోకు ప్రాంతంలో స్వల్ప లక్షణాలున్న రోగులను ఉంచిన హోటల్లో పెప్పరే స్వాగతం చెప్పింది. 2021లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మహమ్మారికి ముందు మనుషులు పనిచేసే హోటల్నే ఎంచుకున్న జనం, సోకుతుందన్న భయం మనసులో మెదిలినప్పుడు రోబోల హోటల్ వైపు మొగ్గారు. ఆ మొగ్గును ప్రేమగా లెక్కేయడం తొందరపాటు. అప్పుడు మనం పక్కింటివాళ్లను చూసినా తప్పుకున్నాం.

ప్రశ్నపత్రంలో లేని మనిషి

అతిథి వైఖరి మీద వచ్చిన పరిశోధనల్లో నాకు కనిపించే పెద్ద వెలితి ఇది. దాదాపు ప్రతి ప్రశ్నపత్రంలోనూ అతిథి ఉంటాడు, రోబో ఉంటుంది. పక్కలు సర్దే ఆమె, బ్యాగులు మోసే అతను ఉండరు. బయట మాత్రం వాళ్లు ఉన్నారు. 2018 అక్టోబరులో అమెరికాలో పలు నగరాల్లో మారియట్ హోటళ్ల కార్మికులు దాదాపు 7,700 మంది యునైట్ హియర్ సంఘం తరఫున సమ్మెకు దిగారు. ఒక్క ఉద్యోగంతో బతుకు గడవాలన్నది ప్రధాన నినాదం. యంత్రాలు తెచ్చేముందు తమతో మాట్లాడాలన్నదీ కోర్కెల్లో ఉంది. అదే ఏడాది లాస్ వేగస్‌లో వంటశాల కార్మికుల సంఘం కుదుర్చుకున్న ఒప్పందాల్లో కొత్త సాంకేతికత గురించి ముందే తెలియజేయడం, కార్మికులకు శిక్షణ ఇవ్వడం వంటి రక్షణలు చేరాయి.

ఆ సమ్మెల ముందు నుంచి నడిచి వెళ్లి గదిలో దిగిన అతిథికి రోబో మీద ఏ భావం కలుగుతుంది? తన తువ్వాలు తెచ్చిన డబ్బా ఎవరి ఉద్యోగాన్ని మింగిందోనన్న ఆలోచన వైఖరిలో భాగం కాదా? మోకాళ్లు, నడుము అరిగిపోయే పని యంత్రానికి పోయి, ఆ మనిషి మెరుగైన పనికి వెళ్లాడని తెలిస్తే అదే అతిథి మరోలా అనుకోవచ్చు. ఈ రెంటినీ ఒకే ప్రయోగంలో పెట్టి అడగడం కష్టమేమీ కాదు.

రోబోకు, మనిషికి మధ్య గీత గీసి మాట్లాడటమే తప్పేమోననిపించే ప్రయోగం టోక్యోలోని నిహోన్‌బాషిలో ఉంది. అక్కడ 2021లో శాశ్వతంగా తెరిచిన డాన్ కఫేలో ఓరిహిమే అనే రోబోలు ఆర్డర్లు తీసుకుంటాయి. వాటి వెనక మాట్లాడేది ఇంటి నుంచి, కొందరు మంచం మీది నుంచే, పనిచేసే వికలాంగులు. కస్టమర్ పలకరింపు మనిషికే చేరుతుంది. తిరిగి వచ్చే పలకరింపూ మనిషిదే. పలకరింపు మర్యాద అనిపించుకోవడానికి నేను పెట్టుకునే పరీక్ష ఒకటే. ఇవ్వకుండా ఉండగలిగినవాళ్లు ఇస్తేనే అది మర్యాద. పెప్పర్ వంగి నమస్కరించకుండా ఉండలేదు. ఓరిహిమే వెనకున్న మనిషి ఉండగలడు.

పక్కపక్కన పెట్టి చూస్తే

అంగీకారాన్ని కొలిచే పక్షం అతిథిని వినియోగదారుడిగా చూస్తుంది. ఎవరు, ఎప్పుడు సరేనంటారన్నది బాగా చెబుతుంది, ఎందుకన్నది అంతగా చెప్పదు. రూపం గురించి వాదించే పక్షం అతిథి మనసులోకి లోతుగా వెళ్తుంది. కాని దాని ఫలితాలు ప్రయోగశాల దాటి నిలుస్తాయన్న భరోసా తక్కువ. పనుల జాబితా పక్షం హోటల్ యజమానికి ఎక్కువ పనికొస్తుంది. దాని లోటు, ఒక పని ఎప్పుడూ ఒకే పనిగా ఉండదన్నది. చెక్ ఇన్ మామూలు అతిథికి కాగితం పని. చావు కబురు విని అర్ధరాత్రి ఊరు దిగినవాడికి అది మొదటి పలకరింపు. శ్రమ గురించి మాట్లాడేవాళ్లు సరైన ప్రశ్న అడుగుతున్నారు. దాన్ని అతిథి వైఖరితో కలిపే సాధనాలు వాళ్ల దగ్గర ఇంకా తయారు కాలేదు.

నాలుగింటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటే పనుల జాబితాతోనే మొదలుపెట్టాలని నా ఉద్దేశం. ఒక సవరణ చేయాలి. పనితో పాటు అతిథి ఆ క్షణంలో ఉన్న స్థితినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇంకా తేలనివి

కొత్తదనం ఎంతకాలం నిలుస్తుందన్నది మొదటిది. ఇంట్లో రోబో నెల రోజుల్లో పాతబడుతుంది. హోటల్లో రోజూ కొత్త అతిథి దిగుతాడు కాబట్టి ఆ ముచ్చట అక్కడ ఎక్కువకాలం సాగింది. సమాజమంతా వాటిని చూసేశాక అదీ ఆగుతుంది. 2015లో డైనోసార్‌ని చూసి మురిసినవాళ్ల జవాబులతో 2030 హోటల్‌ను కట్టలేం.

ఎంపిక రెండోది. మనిషి కావాలా రోబో కావాలా అని అడిగిన హోటల్లో వచ్చే వైఖరి వేరు, మనిషి అందుబాటులోనే లేని హోటల్లో వచ్చే వైఖరి వేరు. చవక గదికి డబ్బా, ఖరీదైన గదికి మనిషి అన్న పద్ధతి స్థిరపడితే రోబో మీద కోపంలో పేదరికం మీద కోపం ఎంతో విడదీయాల్సి వస్తుంది. ముఖం చూసి తలుపు తెరిచే చోట ఆ ముఖచిత్రం ఎన్నాళ్లు ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్నను అతిథులు సర్వేల్లో గట్టిగా అడగడం లేదు. అడిగే అవకాశం సర్వేలు ఇవ్వడం లేదన్నది ఎక్కువ నిజం.

వీటికి సమాధానం వెతకాల్సిన చోటు ససెబో కాదు, విశ్వవిద్యాలయపు ప్రయోగశాల కూడా కాదు. చైనాలో నెలకు పది రాత్రులు మామూలు హోటళ్లలో గడిపే సేల్స్‌మన్‌లు ఉన్నారు. రోబో వచ్చి గది ఫోను మోగించడం వాళ్లకు వార్త కాదు, విసుగూ కాదు. లిఫ్టులో డబ్బా ఎక్కుతుంటే జరిగి చోటిస్తారు. వాళ్లను కూర్చోబెట్టి అడగాలి. ఆ డబ్బా ఏం తెచ్చిందన్నది గుర్తుందా? గత ఆరు నెలల్లో హోటల్లో ఎవరితోనైనా నాలుగు మాటలు మాట్లాడారా? ఒంట్లో బాగోని రాత్రి గదిలోంచి ఫోను చేసినప్పుడు అవతల ఎవరు ఎత్తారు?